పద్నాలుగు దిమ్మెల బరువు

నేను కాపురానికి వచ్చిన రోజే మేడ మీది అర్ర మీద కన్నేశాను. ఇన్నేళ్ల తర్వాత దాచుకుని ఏం చేసుకుంటాను గనక, చెప్పేస్తున్నాను. వరంగల్లో నేతగాళ్ల వీధిలో ఉండేది మా అత్తగారిల్లు. కింద ఒకటే పొడుగాటి అర్ర, అందులో నాలుగు పవర్‌లూములు. ఆ చివర మూలకు ఒక చీర అడ్డం కట్టి, దాని వెనక మంచం వేసి, ఇదే మీ కాపురం అన్నారు. పొద్దున లేచేసరికి జడ మీద, కనుబొమ్మల మీద, నీళ్ల చెంబులో దూది పీచు. పైనేమో రెండు కిటికీల గాలి, సున్నం వేసిన గోడలు, బయటికి అడుగు పెడితే డాబా. అక్కడ మా అత్తమ్మ ఒక్కతే తన రాట్నం పెట్టుకుని మహారాణిలా ఉండేది. నాకు మండిపోయేది.

మామయ్య నేను రాకముందే పోయారు. ఆయన ఉన్నప్పుడు ఆ ఇంట్లో గుంటలో కూర్చుని చేత్తో నేసే గుంట మగ్గాలే ఉండేవి. మా ఆయన వాటిని పూడ్చి పవర్‌లూములు పెట్టాడు. ఆ రోజు నుంచే అత్తమ్మ మంచం పైకి చేరిందని చెప్పేవారు. "గా చప్పుడుల నా మాట నాకే వినవడదు" అనేది. కానీ అసలు సంగతి కిటికీ.

మా ఇంట్లో కరెంటు మగ్గాలు వచ్చినా, వీధిలో చాలా ఇళ్లవాళ్లు ఇంకా చేతి మగ్గాలే నేసేవారు. తెల్లవారుతూనే వీధి పొడుగునా పడుగులు పరిచేవారు. నేతకు ముందు నిలువు పోగులన్నిటినీ కర్రల మీద బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం అది. మంచు ఇంకా కరగని ఆ వేళప్పుడు చూస్తే వీధి వీధంతా తెల్లగా, నేలకు జానెడు పైన తేలుతున్నట్టు ఉండేది. కింద నిలబడి దువ్వేవాళ్లకు తెగిన పోగు కనపడదు. పై నుంచి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు మా అత్తమ్మకు కనపడేది. కిటికీలోంచి కేక వేసేది: "ఓ తమ్మీ, నీ ఎడమ చెయ్యి దిక్కు! మూడు పోగులు తెగినయ్, అతుకుపెట్టు!" వాళ్లు తల ఎత్తి, "దొరికింది పెద్దమ్మా" అనేవారు. ఏ ఇంటి పడుగైనా సరే, ఆమె చూసి ఊఁ అంటేనే చుట్టేవారు. అరవై దాటిన మనిషికి ఒక వీధికి వీధే పని ఇచ్చింది. అది నాకు అప్పట్లో తెలియలేదు. ముసలామెకు గాలి కావాలి, నాకూ గాలి కావాలి, అంతే నా లెక్క.

ఆ అర్రకు పదిహేడు రాతి మెట్లు. ఒక్కొక్కటి మోకాలెత్తు ఉండేది. స్నానానికీ, దొడ్లోకీ అత్తమ్మ రోజుకు రెండుసార్లు దిగి ఎక్కాలి. మోకాళ్లు అప్పటికే పాడయ్యాయి. కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగేది. నేను వచ్చిన రెండో ఏడు దసరా ముందు, తొమ్మిదో మెట్టు మీద జారి కిందిదాకా వచ్చింది. ఎముక విరగలేదు గానీ తుంటి నల్లగా కమిలిపోయింది. ఎక్కలేదని కిందే మంచం వేశాం.

కబురు అందగానే కేసముద్రం నుంచి మా వదినె దిగింది. ఆమె మా ఆయనకు అక్క. ఆమె మొగుడికి అక్కడ మార్కెట్ యార్డులో పత్తి, ధాన్యం తూచే కాంటా పని. వదినెది మంచి మనసే. కానీ ఆ మంచితనం తుఫానులా వచ్చేది, ఎవరి మాటా వినిపించుకోదు.

"అవ్వను తోలుకపోత. మా ఇల్లు చదునుగుంటది, మెట్లు లేవు, ఏం లేవు. మంచంల కూసోబెట్టి చూసుకుంట" అంది. మా దిక్కు అమ్మను అవ్వ అంటారు.

"నేను రాను" అంది అత్తమ్మ గోడ వైపు తిరిగి.

"ఎందుకు రావు? ఇంకోసారి పడితే దవాఖానల పండవెడుదుమా?"

"అక్కడ నాకేం పనే? మీ కాంటా మీద ఈగలు గొట్టాల్నా?"

నేను పొయ్యి దగ్గర నిలబడి వింటున్నాను. నిజం చెప్తున్నాను, లోపల నా గుండె ఎగిరి గంతేసింది. వదినె బట్టలు మూట కడుతుంటే ఆ అర్రకు ఏ రంగు కర్టెన్లు వేయాలా అని ఆలోచిస్తున్నాను. పాడు బుద్ధి! అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు.

ఆ మూట విప్పించింది చిన్నాయన. ఆయన మామయ్యకు దోస్తు. డోర్నకల్లో రైల్వే ఫిట్టరు. అత్తమ్మను అక్కా అని పిలిచేవాడు గనక మా వరసలో నాకు చిన్నాయన. చర్చిలో ఆదివారం ప్రార్థన కాగానే తెల్లచొక్కా మీదనే రైలెక్కి అక్కను చూడటానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని పరామర్శ చేస్తూనే కళ్లు పైకప్పు మీద పెట్టాడు. మేడ నేల మధ్యలో చదరంగా ఒక కంత ఉండేది, చెక్క మూతతో. నేల చెమ్మకు నూలు పాడవుతుందని నూలు మూటలన్నీ పైనే దాచేవారు. మూటలను ఆ కంతలోంచి గిరక మీద తాడేసి పైకి లాగేవారు.

"ఈ నూలు మూట ఎంత బరువుంటదిరా?" అని మా ఆయనను అడిగాడు చిన్నాయన.

ఆయన చెప్పాడు.

"మరి అక్క గూడ గంతే గదా. మూట పోయే తొవ్వల మనిషి ఎందుకు పోవద్దు?"

అత్తమ్మ మంచంలోంచి లేచినంత పని చేసింది. "నన్ను ఉట్టి మీది పెరుగు కుండ జేస్తవా తమ్మీ?"

"ఉట్టి గాదక్కా, లిఫ్టు. హైదరాబాదుల పెద్ద దవాఖానల జూసిన. దానికి కరెంటు గావాలె. మనకు రాళ్లు చాలు."

నెల రోజులు పట్టింది. ప్రతి ఆదివారం చిన్నాయన సంచిలో ఏదో ఒక సామానుతో దిగేవాడు. కంతను పెద్దది చేయించాడు. కింద నుంచి పైకప్పు దాకా రెండు ఇనుప గొట్టాలు నిలబెట్టాడు. వాటి నడుమ జారేలాగా మామయ్య పాత చేతుల కుర్చీని బిగించాడు. కుర్చీ కింద కాళ్లు పెట్టుకోవడానికి ఒక పలక. కుర్చీకి కట్టిన ఇనుప తాడు పైన గిరకల మీదుగా వెళ్లి గోడ పక్కన ఒక చెక్క పెట్టెను పట్టుకుని వేలాడేది. కుర్చీ కిందికొస్తే పెట్టె పైకి, పెట్టె కిందికొస్తే కుర్చీ పైకి. పెట్టెలో అత్తమ్మ ఎంత బరువో అంత బరువు వేస్తే, ఇక ఇద్దరినీ కదిలించడానికి ఒక చెయ్యి చాలు. వదిలేస్తే జారిపోకుండా గిరకకు ఒక పళ్ల చక్రం బిగించాడు. అది మా లూములోదే. నేసిన బట్ట చుట్టుకునే కర్ర వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే చక్రం. దాని కొక్కేనికి కిందిదాకా ఒక సన్న తాడు కట్టాడు. కొక్కెం ఎత్తితే కుర్చీ కదులుతుంది, దించితే నిలబడుతుంది. ముందు తానే ఎక్కి, తర్వాత ఇద్దరు నేతగాళ్లను ఒకేసారి ఎక్కించి, పదిసార్లు దించి ఎక్కించి చూశాకే అక్కను రమ్మన్నాడు.

తూచడానికి కాంటా తేలేదు. అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పైన పెట్టెలో ఒక్కో బరువూ వేస్తూ పోయారు. ఏం కాలేదు, ఏం కాలేదు, ఇంకొకటి వేశారు. కుర్చీ చప్పుడు లేకుండా నేల మీద నుంచి లేచింది. నాలుగు వేళ్లంత లేచి అక్కడే ఆగింది. పైకీ పోదు, కిందికీ రాదు. కంతలోంచి పడుతున్న ఎండలో దూది పీచు తేలుతోంది, అందులో మా అత్తమ్మ కూడా తేలుతోంది. ఆమె కాళ్ల కేసి చూసుకుని, "ఓ యవ్వా!" అని చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లూములు ఆపి అందరూ చూస్తున్నారు. నాకు ఆ క్షణంలో కర్టెన్లు గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చాయి లెండి.

తాడు లాగే పని నాది. పొద్దున ఒకసారి దించడం, స్నానం అయ్యాక ఎక్కించడం, సాయంత్రం మళ్లీ. మొదట్లో మూతి ముడుచుకునే లాగేదాన్ని. ఆమె పండిన కొప్పు ముందు కనపడకుండా పోయేది, తర్వాత మెడ, తర్వాత వెన్ను, ఆఖరున కంతలోంచి ఒక చెయ్యి కిందికి వచ్చి ఊపేది. చేరాను అని గుర్తు. కొన్ని రోజులకు ఆ చెయ్యి కోసం కాచుకోవడం మొదలుపెట్టాను.

ఆ ఏడు మాఘంలో మేడారం జాతర వచ్చింది. మా దిక్కు మొక్కు సంగతి తెలియనివాళ్లకు చెప్తాను. అక్కడి తల్లులకు బెల్లం పెడతారు, దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. గట్టి మొక్కు మొక్కినవాళ్లు తమ ఎత్తు, అంటే తమ ఒంటి బరువు బంగారం తూచి ఇస్తారు. "నా అర్రల నన్ను ఉండనిస్తే, ఉన్నన్నాళ్లు జాతర జాతరకు నా ఎత్తు బంగారం పెడత" అని మెట్ల మీద పడ్డ రోజే మొక్కుకుందట అత్తమ్మ.

వదినె కేసముద్రం మార్కెట్ నుంచి బెల్లం దిమ్మెలు తెచ్చింది. అన్నీ ఒకటే అచ్చులో పోసినవి, ఒకటే బరువు. తన మొగుడి కాంటా వద్దంది అత్తమ్మ. "నా కాంటా నాకున్నది" అని కుర్చీలో కూర్చుంది. పైన మా ఆయన పెట్టె ఖాళీ చేసి, పసుపు రాసి, దిమ్మెలు పేర్చాడు. పద్నాలుగోది వేయగానే కుర్చీ లేచింది.

"పద్నాలుగు" అంది వదినె. తర్వాత అత్తమ్మ ముందు వేలు ఆడిస్తూ, "యాదికుంచుకో అవ్వా. మల్ల జాతరకు గీ పద్నాలుగే రావాలె. తగ్గినవంటే నిన్ను వీళ్లు మంచిగ చూస్తలేనట్టే. ఒక్క దినం ఉంచ, తోలుకపోత. తల్లి మీద ఒట్టు" అంది.

నవ్వుతూనే అంది. కానీ మేడారం తల్లి మీద ఒట్టు అన్నాక ఇక మా ఇళ్లలో అది నవ్వు కాదు. అత్తమ్మ ముఖంలో రంగు మారింది. నేను పొయ్యి వైపు తిరిగి లోపలే లెక్క వేసుకున్నాను. జాతర రెండేళ్లకోసారి, అంటే ఇంకా రెండేళ్లు. తగ్గితే బాగుండు. అలా అనుకున్నాను, నా నోరు పడిపోను.

ఆ వానాకాలమే మా తెలివి బయటపడింది. పెట్టెలో రాళ్లు వేయమని చెప్పి వెళ్లాడు చిన్నాయన. రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుని గడగడమంటాయని మా ఆయన సగం రాళ్లు తీసి, తుక్కు నూలు గోతాలలో కుక్కి పెట్టాడు. చప్పుడు లేదని ఎంత మురిసిపోయాడో! నూలు చెమ్మ పీల్చి బరువెక్కుతుందని పుట్టిన దగ్గర నుంచి తెలిసినవాడు, అందుకే నూలంతా మేడ మీద దాచేవాడు, ఆ తుక్కు నూలును మాత్రం గోడ పక్కన చెమ్మ నేల మీద దిగే పెట్టెలో పెట్టాడు. వారం రోజులు ముసురు పట్టింది. ఒక పొద్దున అత్తమ్మను దించుతుంటే కుర్చీ సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఎంత లాగినా రాదు. పెట్టె బరువైపోయింది. తాడు వదిలితే కుర్చీ సర్రున పైకి పోతుంది. నేను కొక్కెం దించేసి మా ఆయన కోసం కేక వేశాను. ఆయన వడ్డేపల్లి దిక్కు ఎటో పోయాడు. కరెంటు కూడా పోయి లూములు ఆగిపోయాయి.

బయట వాన. లోపల కంతలోంచి వస్తున్న బూడిద రంగు వెలుతురులో, నేలకూ కప్పుకూ నడుమ మా అత్తమ్మ. నేను కింద అటూ ఇటూ పరుగులు పెట్టాను. ఆమె మాత్రం తాపీగా చుట్టూ చూస్తోంది.

"ఇక్కడికెల్లి నేనెప్పుడు చూడలేదే" అంది. "కింద మగ్గాలు, పైన ఆకాశం. నడుమ నేను. మీ మామ ఉంటే ఎంత నవ్వేటోడో."

"నవ్వులాటగుందా అత్తా? ఎట్ల దించాలె నిన్ను?"

"దింపకే. జరసేపు ఉండనియ్యి."

ఎంత సేపు అలా ఉన్నామో తెలియదు. ఆమె పై నుంచి తన పెళ్లి సంగతి చెప్పింది. ఆ కంతలోంచి కొత్త పెళ్లికొడుకు రోజూ చాటుగా జామపండ్లు జారవిడిచేవాడట. నేను కింద స్టూలు మీద కూర్చుని తల ఎత్తి విన్నాను. వాన చప్పుడు, ఆమె గొంతు, ఊగకుండా ఊగుతున్న ఆ రెండు పాదాలు. ఇప్పటికీ కలలోకి వస్తే అలాగే వస్తుంది అత్తమ్మ, గాలిలో కూర్చుని, తొందర లేకుండా. ఆఖరున నాకే బుద్ధి పుట్టింది. స్టూలు ఎక్కి, కుర్చీ చేతులు పట్టుకుని, కొక్కెం తాడు లాగి, ఆమె పాదాల పక్కన పలక మీద నా ఒక కాలు పెట్టి తొక్కాను. కుర్చీ మెల్లగా దిగింది. ఇద్దరం కలిసి నేలకు వచ్చాం. ఆమె నా చెంప నిమిరి, "నువ్వు లేకపోతే గాల్లనే ఉందునే" అంది.

ఆ మధ్యాహ్నమే నన్ను పైకి పిలిచింది. "కింద పీచుల ఎందుకు, ఇక్కడ పండుకో" అని చాప వేసింది. ఆ రోజు నుంచి రోజూ పనులయ్యాక పైకి వెళ్లి నిద్రపోయేదాన్ని. కిటికీ గాలి, రాట్నం గిర్రుమని తిరగడం, నూలు కండెలకు చుట్టుకుంటున్న సన్నటి సవ్వడి. నిద్రలోకి పోతూ పోతూ, ఈ అర్ర నాదైతే ఈ రాట్నం సవ్వడి ఉండదు కదా అని ఒకరోజు తట్టింది. తట్టి, పక్కకు తిరిగి పడుకున్నాను.

నూలు తీసేసి పెట్టెలో ఇనుప బిళ్లలు వేశాం. లూములో పడుగు బిగువు సడలకుండా వేలాడదీసే బిళ్లలు అవి, అరచేతి వెడల్పున గుండ్రంగా ఉంటాయి. మెట్ల కింద ఎప్పుడూ ఒక కుప్ప ఉండేది. ఆ మరుసటి ఏడు దసరా తర్వాత ఆ కుప్పలో బిళ్లలు తగ్గుతున్నాయని మా ఆయన అరవడం మొదలుపెట్టాడు. "ఎవడో ఇనుప సామానోనికి అమ్ముతాండు" అని అందరినీ అనుమానించాడు. నన్ను కూడా అడిగాడు! "అవును, వండుకుని తింటాన్న" అన్నాను.

ఆ చలికాలమే అత్తమ్మ వీపు తోమడానికి రావద్దంది. స్నానాల గదిలో ఒక్కతే తలుపు వేసుకునేది. రెండు రవికలు, పైన శాలువా. అడిగితే చలి అనేది. అన్నం ముందు కూర్చుని ఈ రోజు ఒక్క పొద్దు అనేది. దప్పిక మాత్రం ఎక్కువ, కుండ కుండ నీళ్లు తాగేది. బుగ్గలు జారాయనిపించి, చిక్కినవా ఏందత్తా అంటే, "నీ తాడును అడుగు" అనేది. అడిగేదాన్ని. రోజూ లాగేది నేనే కదా. కుర్చీ ఎప్పటిలాగే రెండు వేళ్లకు కదిలేది. మనిషి తగ్గితే తాడుకు తెలియదా అని ఊరుకున్నాను. అంత తెలివిగల దాన్ని నేను.

మళ్లీ మాఘం వచ్చింది. వదినె దిమ్మెలతో దిగింది. అదే అచ్చు, అదే బరువు, పద్నాలుగు. చిన్నాయన కూడా వచ్చాడు. పైన పళ్ల చక్రం దగ్గర ఆయన, పెట్టె దగ్గర మా ఆయన. నేను అత్తమ్మను కిందికి దించాను. ఎప్పటిలాగే మెత్తగా దిగింది. వదినె దీపం వెలిగించి, కుర్చీకి పసుపు పెట్టి, "కూసో అవ్వా" అంది.

"కాళ్లు కడుక్కొని వస్త" అంది అత్తమ్మ. నన్ను భుజం పట్టుకుని చీర అడ్డం వెనక్కి, మా మంచం దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ శాలువా తీసింది. కుచ్చెళ్ల లోపల నడుముకు చుట్టి కట్టుకున్న ఒక గుడ్డ సంచి విప్పి మంచం మీద పెట్టింది. ఖణేలుమంది. లోపల ఇనుప బిళ్లలు.

ఆమె నడుము నా రెండు చేతులలో ఇమిడేలా ఉంది. నెలల తరబడి ఆ ఇనుము మోసి మోసి తుంటి మీద నల్లగా కాయ కట్టింది. అరిగిన మోకాళ్లతో, ఆ బరువుతో, రోజూ నా ఎదురుగా కూర్చుని నా తాడుకు అబద్ధం చెప్పింది.

"ఎందుకిట్ల జేసినవ్ అత్తా?"

"ఎందుకో నీకెరుక లేదా?" అంది. "నీ ముందట కట్టుకుంటి, నా కొడుకు ముందట కట్టుకుంటి. తల్లి ముందట కట్టుకోనే. మొక్కుల అబద్ధం ఆడను." చీర సర్దుకుని, కళ్లు తుడుచుకుని, నా ముఖం చూసి నవ్వబోయింది. "ఇగ కేసముద్రమే. ఆ అర్ర నీదేనే ఇగ. ముందుగాల సున్నం ఏయించుకో. తూర్పు కిటికీకి పొద్దటి పూట పరదా కట్టకు. పడుగుల పోగులు కనవడయ్."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నా కర్టెన్లు, నా చూపు, అన్నీ తెలుసు. తెలిసే చాప వేసింది.

"ఏమాయె, ఎంతసేపు?" అని వదినె కేక.

ఆమెను నడిపించుకుని వచ్చి కూర్చోబెట్టాను. నేను పక్కనే కింద కూర్చున్నాను, ఆమెకు ఆసరా అన్నట్టు. నా కొంగూ కుచ్చెళ్లూ పలక మీద పరుచుకున్నాయి. వాటి కింద, ఆమె పాదాల పక్కన, నా కుడి కాలు పెట్టాను.

పైన దిమ్మెలు పడుతున్నాయి. వదినె బిగ్గరగా లెక్కపెడుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండోది పడగానే పలక నా అరికాలిని పైకి తన్నింది. తొక్కాను. అత్తమ్మ ఉలిక్కిపడి నా కేసి చూసింది. ముందుకు వంగి, "తియ్యే" అంది పెదవులతోనే. నేను వినలేదు. పన్నెండు. చీలమండ వణుకుతోంది. పదమూడు. పళ్లు బిగించి, నడుము నేలకు ఆనించి తొక్కాను. తల్లీ, తల్లీ అంటున్నాను లోపల. ఇంకేం అడగాలో తెలియడం లేదు.

"పద్నాలుగు!" అంది వదినె.

కాలు సగం సడలించాను. కుర్చీ జానెడు లేచింది. ఇంకా లేవబోయింది. అంతలోనే పైన కొక్కెం టక్కుమని పడింది. తల ఎత్తి చూస్తే కంత అంచున చిన్నాయన ముఖం. పాతికేళ్లుగా ఇంజన్ల బరువులు చూసిన మనిషికి గిరక చెప్పకుండా ఉంటుందా? ఒక్క క్షణం నన్నే చూశాడు.

"సరిగ్గ పద్నాలుగు. గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు" అన్నాడు గట్టిగా. ఆదివారం ప్రార్థన చేసి వచ్చిన నోటితోనే అన్నాడు పాపం.

వదినె కళ్లు తుడుచుకుంది. "మంచిగనే చూసుకుంటాన్నవే మరదలా" అని నా తల నిమిరింది. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. సంతోషం అనుకుంది.

మర్నాడే అత్తమ్మను దవాఖానకు తీసుకుపోయాను. షుగర్ అన్నారు, మాత్రలు రాసిచ్చారు, తీపి ముట్టవద్దన్నారు. "బంగారం తల్లికేనట, నాకు గాదట" అని రిక్షాలో దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. ఇంటికి వచ్చాక పెట్టెలోంచి ఆ సంచిలోని బిళ్లలకు సరిపడా బరువు నేనే చాటుగా తీసేశాను. బిళ్లలు దొరికాయని మా ఆయనకు ఒకటే సంబరం.

ఆ వారం చివర బస్సెక్కాం. ములుగు దాటాక అడవి మొదలైంది. ఒళ్లో బెల్లం మూటల వాసన. అత్తమ్మ నా భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకుంది. నాకే భయం వేసి అడిగాను.

"కోపమొచ్చిందా అత్తా? మొక్కుల అబద్ధం ఆడిపిచ్చినా?"

"అబద్ధమెట్లయితదే. బంగారం ఎక్కువ పోతాంది గాని తక్కువ పోతలేదు" అంది కళ్లు మూసుకునే. "కాకపోతే అంతా నాది గాదు. మూడు దిమ్మెలు నీయి. నీ కాలు బరువు. నీ మొక్కు నువ్వు మొక్కుకో."

తల్లుల గద్దె దగ్గర జనం. పసుపు, దుమ్ము, పూనకంతో ఊగే శివసత్తుల కేకలు. ఎవరో నన్ను ముందుకు తోశారు. చేతులలో నా వంతు మూడు దిమ్మెలు. నాలుగేళ్లుగా నా దగ్గర ఒకే ఒక కోరిక సిద్ధంగా ఉంది. నోరు తెరిస్తే అదే రావాలి. కళ్లు మూసుకున్నాను. ఆ రద్దీలో నాకు కంతలోంచి ఊగే చెయ్యి ఒక్కటే కనపడింది.

తల్లీ, ఆ అర్ర నాకు ఇప్పుడే ఇయ్యకు అన్నాను.

తల్లి విన్నది. మళ్లీ జాతరకు కూడా అత్తమ్మ ఆ కుర్చీలోనే కూర్చుంది, వదినె పద్నాలుగు దిమ్మెలే లెక్కపెట్టింది. ఆసారి నేను రెండు కాళ్లూ పెట్టాల్సి వచ్చింది.